బ్రేకమ్మ నిద్ర

"కారు తాళాలు ఎక్కడ పెట్టావ్?"

అడగడం ఇది మొదటిసారి కాదు. మెకానిక్ మాత్రం సమాధానం చెప్పకుండా స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. ఫ్రిజ్‌లు బాగుచెయ్యడానికి పొద్దున్నే బయల్దేరాల్సిన మనిషి ఇలా పనిముట్లు ముందేసుకుని కూర్చున్నాడంటే, ఇవాళ కదిలేది లేదని చెప్పకుండా చెప్పడమే.

"నిన్నే అడుగుతున్నా."

"వినపడింది."

"వినపడితే చెప్పు."

"తాళాల్లేవు. కారూ లేదు. తెల్లారగట్టే తీసుకెళ్లి డ్రైవింగ్ స్కూల్లో వదిలేసి వచ్చా."

ఆమె గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడో నెల. కళ్ల కింద నల్లటి చారలు. రాత్రంతా దొర్లీ దొర్లీ, తెల్లవారుతుండగా అప్పుడే కాస్త కన్నంటుకుంది. ఆ కాసేపట్లోనే మొగుడు ఆ పని చేసుకొచ్చాడు.

"నన్నడక్కుండానా?"

"నిద్రపోతున్నావు కదా."

"నేనా? నిద్రా?" ఆమె నవ్విన నవ్వు నవ్వులా లేదు.

ఇంట్లో ఆమె కోడలు. వీధిలో మెకానిక్ గారి భార్య. డ్రైవింగ్ స్కూల్లో మాత్రం అందరికీ బ్రేకమ్మ. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరుండే రెండో బ్రేకుతో ఎన్ని గుద్దుళ్లు తప్పించిందో ఆమెకే గుర్తులేదు. అలాంటి బ్రేకమ్మ నిన్న మధ్యాహ్నం పక్క సీట్లోనే నిద్రపోయింది.

స్టీరింగు పట్టుకుంది టైలరమ్మ. నలభై దాటాక కారు నేర్చుకోవాలని ముచ్చటపడిన మనిషి. మేడమ్ ఏమీ అనట్లేదంటే తాను బాగా నడుపుతున్నట్టే అనుకుంది. ఆ ఉత్సాహంలో ఒక సందు తిరిగింది, ఇంకో సందు తిరిగింది, చివరికి పిండిమర గోడకి కారు బుగ్గ రాసేసింది. ఆ చప్పుడుకి బ్రేకమ్మ ఉలిక్కిపడి, కళ్లు తెరవకుండానే "క్లచ్ తొక్కండి" అంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్కూలు నడిపే పెద్దాయన దగ్గరికి ఆమే వెళ్లి చెప్పింది. "తప్పు టైలరక్కది కాదు సార్, నాది. నిద్రపోయాను." ఆయన కోప్పడలేదు. "ముందు నిద్ర సంగతి చూసుకో అమ్మా. తర్వాతే సీటు" అన్నాడు. ఒక్క రాత్రి పడుకుంటే సరిపోతుందని ఆమె అనుకుంది. ఆయన మెకానిక్‌కి కూడా ఫోన్ చేస్తాడని అనుకోలేదు.

"పిల్లలెవరైనా అడ్డం వచ్చి ఉంటే?" అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండానే.

ఆమె చూపు దించుకుంది.

మంచం మీద దుప్పట్లు మడతపెడుతున్న అత్తగారు అప్పుడు నోరు తెరిచింది. పెద్ద హోటల్ లాండ్రీలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మనిషి. అంచుకి అంచు కలవకపోతే ఆవిడకి ప్రాణం కొట్టుకుంటుంది.

"పొద్దున్నే మీ గోలేంటి? కడుపుతో ఉన్నప్పుడు ఏ ఆడదానికి నిద్ర పట్టింది గనక? ఇదిగో అమ్మాయ్, ఇందులో సగం వేసుకో. మొద్దులా పడుకుంటావ్."

ఆవిడ అరచేతిలో చిన్న తెల్లటి బిళ్ల. ఆవిడ రోజూ వేసుకునేదే.

"వేసుకో. అమ్మకి ఎంత బాగా పనిచేస్తోందో రోజూ వింటున్నాంగా" అన్నాడు మెకానిక్.

అత్తగారి గురక ఎరగని గోడ ఆ ఇంట్లో లేదు. ఆ బిళ్లని చూస్తే బ్రేకమ్మకి ప్రాణం లాగింది. ఒక్క సగం ముక్క. ఒక్క రాత్రి. చెయ్యి చాచింది కూడా. అయితే నోట్లో వేసుకోలేదు, కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకుంది.

"డాక్టరమ్మని అడిగి వేసుకుంటా."

"అంటే నేనేదో విషం పెడుతున్నాననా?"

"విషం అనలేదు అత్తయ్యా. మీ మందు అన్నా. నాది కాదుగా." ఆమె మొగుడి వైపు తిరిగింది. "లే. నువ్వూ వస్తున్నావు."

"నేనెందుకు?"

"కారు వదిలేసి వచ్చావుగా. బస్సులో తోడు రా."

*

డాక్టరమ్మ మనిషి పొట్టి, గొంతు గట్టి. బీపీ చూసింది, కాళ్ల వాపు చూసింది, బిడ్డ గుండె చప్పుడు వింది. అన్నీ బాగానే ఉన్నాయని కుర్చీ వెనక్కి వాలింది.

"ఇప్పుడు చెప్పు. పడుకోగానే నిద్ర పట్టట్లేదా, పట్టింది నిలవట్లేదా?"

"పట్టేదాకా ఒక పోరు డాక్టర్‌గారూ, పట్టాక ఇంకో పోరు. వెల్లకిలా పడుకుంటే బిడ్డకి ప్రమాదమని ఎడమ వైపుకి చెక్కలా బిగుసుకుని పడుకుంటా. పడుకోగానే గుండెల్లో మంట. కాళ్లలో ఏవో పాకుతున్నట్టు ఉంటుంది, ఆడించకపోతే ప్రాణం ఆగదు. ఒక్కోసారి పిక్క పట్టేస్తుంది. బాత్రూమ్ సంగతి చెప్పక్కర్లేదు. ఇవన్నీ ఒక ఎత్తు. ఎలాగోలా గాఢంగా పట్టిందనుకునేసరికి, నడుములో ఎవరో పొడిచినట్టు మెలకువ వచ్చేస్తుంది."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. "పొడిచినట్టా? లోపల్నుంచా, బయట్నుంచా?"

"బయట్నుంచేనండి. ఇదిగో, ఇక్కడ."

పక్క కుర్చీలో మెకానిక్ దగ్గాడు. ఇద్దరూ అటు చూడలేదు. మళ్లీ దగ్గాడు.

"అది... నేనేనండి."

"నువ్వా?" బ్రేకమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

"ఎడమ పక్కనే పడుకోవాలని, వెల్లకిలా తిరిగితే లోపల బిడ్డకి ఊపిరాడదని అమ్మ చెప్పింది. నువ్వేమో నిద్రలో తిరిగిపోతావు. అందుకని చూస్తూ కూర్చుంటా. తిరిగినప్పుడల్లా వేలితో కాస్త..."

"కాస్తా?"

"మొదట్లో కాస్తే. నువ్వు కదలకపోతే ఇంకాస్త."

"మరి నువ్వెప్పుడు పడుకుంటున్నావ్?"

"పనిలో. మొన్న ఒకళ్లింట్లో ఫ్రిజ్ తలుపు తీసి లోపల తలపెట్టా, చల్లగా ఉందని అలాగే కునుకు పట్టేసింది. ఆ ఇంటావిడ కేకేస్తేగానీ లేవలేదు."

డాక్టరమ్మ బల్ల మీద చెయ్యి వేసుకుని నవ్వడం మొదలుపెట్టింది. బ్రేకమ్మకి మాత్రం నవ్వాలో, మొగుడి జుట్టు పట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ తన ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకుంది.

"చూడు నాన్నా," అంది డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "నీ కాపలా ఇవాళ్టితో రద్దు. ఈ నెలల్లో పక్కకి తిరిగి పడుకోవడం మంచిదే. వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది. అందుకే పడుకునేటప్పుడు పక్కకి తిరిగి పడుకోవాలి. ఎడమైనా, కుడైనా. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నావనుకో అమ్మా, కంగారు పడకు. మళ్లీ పక్కకి తిరిగి పడుకో, అంతే. చెక్కలా బిగుసుకుంటే నిద్ర ఎలా వస్తుంది?"

"కుడి పక్క కూడా పరవాలేదా?"

"కుడి పక్క నేరమేమీ కాదు. మోకాళ్ల మధ్య ఒక దిండు, కడుపు కింద చిన్నది, నడుముకి ఇంకోటి ఆనించు. తల వైపు కాస్త ఎత్తు పెడితే మంట తగ్గుతుంది. రాత్రి భోజనం ఎప్పుడు?"

భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. అత్తగారి టీవీ సీరియళ్లు అయిపోయాకే ఆ ఇంట్లో కంచాలు పడతాయి.

"అర్థమైంది. భోజనం ముందుకు జరపండి. తిన్న వెంటనే మంచమెక్కొద్దు. టీలు ఎన్ని?"

"పగలు నిద్ర ఆపుకోవాలి కదండీ..."

"పగలు ఆపడానికి తాగిన టీయే రాత్రి కూడా ఆపుతోంది. పొద్దున ఒకటి చాలు. నీళ్లు మాత్రం తగ్గించకు, పగలు బాగా తాగి సాయంత్రం దాటాక కాస్త తగ్గించుకో. పిక్క పట్టేస్తే కాలు చాపి, పాదాన్ని నీ వైపుకి లాగు. ఆ పాకడం సంగతికి రక్తం చూడాలి. ఇనుము తక్కువైనా కాళ్లు అలా నిలవనివ్వవు."

బ్రేకమ్మ పర్సులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ విప్పి చూసింది. ఈసారి ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"మింగావా?"

"లేదండీ."

"మంచి పని చేశావు. ఇది ఎవరిదో వాళ్ల వయసుకి, వాళ్ల ఒంటికి రాసిచ్చింది. నీ కడుపులో బిడ్డకి ఎవరూ రాసివ్వలేదు. ఆకులైనా, బిళ్లలైనా, నిద్ర కోసం నన్నడక్కుండా ఏదీ మింగొద్దు." పొట్లం పక్కకి పెట్టి అడిగింది. "మెలకువగా ఉన్నప్పుడు ఏం ఆలోచిస్తావ్?"

బ్రేకమ్మ పర్సు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇదివరకు బిడ్డ గురించి. నిన్నటి రాత్రి మాత్రం గోడ గురించి. అక్కడ గోడ కాకుండా మనిషి ఉండుంటే అని."

మెకానిక్ తల వంచుకున్నాడు. పొద్దున తాను విసిరిన మాటని ఆమె అంతకుముందే రాత్రంతా మోసిందని అప్పుడు తెలిసింది.

"దానికి నా దగ్గర మందు లేదు," అంది డాక్టరమ్మ మెల్లగా. "మీరిద్దరూ మాట్లాడుకోవాలి. పగటి పూట. మంచమెక్కాక కాదు."

*

బస్సులో సగం దూరం ఇద్దరూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

"కారు నిన్నడక్కుండా ఇచ్చేయకుండా ఉండాల్సింది," అన్నాడతను.

"అవును."

"కోపం పోలేదా?"

"దాని మీద పోలేదు. పిల్లలు అడ్డం వస్తే అన్న మాట మీద మాత్రం లేదు. అది నిజం కాబట్టే పొద్దున నోరు పెగల్లేదు." ఆమె అతని వైపు తిరిగింది. "నిద్ర లేకపోతే ఆ సీట్లో కూర్చోను. ఇది నువ్వు పెట్టిన షరతు కాదు, నాది. అంతేగానీ ఉద్యోగం మానను. రెండూ ఒకటి కాదు."

అతను ఏదో అనబోయాడు. ఆ అనబోవడం కాస్తా ఆవులింతై, ఆమె భుజం మీద తల పెట్టుకుని గురక పెట్టేశాడు. తమ స్టాపు వచ్చాక ఆమె నడుములో వేలు పెట్టి గట్టిగా పొడిచింది.

"అమ్మో!"

"కాస్తే," అంది బ్రేకమ్మ.

ఇంట్లో సంగతి విని అత్తగారు మొహం మాడ్చుకుంది. "మా అత్తగారు నాకు చెప్పింది, నేను వాడికి చెప్పా. ఆ రోజుల్లో మాకు డాక్టర్లెవరున్నారు? వీణ్ణి కన్నానా లేదా?" అని, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ వెలుగుండగానే వంటింట్లో గిన్నెల చప్పుడైంది. టీవీ పెట్టకుండానే ముగ్గురికీ కంచాలు పెట్టింది.

"నీ సీరియల్?" అన్నాడు మెకానిక్.

"దాంట్లో ఎవరూ కడుపుతో లేరు. నోరు మూసుకుని తిను."

భోజనమయ్యాక కోడలి మంచం మీది జారుడు దుప్పటి తీసేసి, పలచటి నూలు దుప్పటి ముడత లేకుండా పరిచింది. కిటికీ తెరిచింది. సారీ అనలేదు. బ్రేకమ్మ కూడా అనమని అడగలేదు.

మర్నాడు సాయంత్రం టైలరమ్మ వచ్చింది. ఆవిడకన్నా ముందు గుమ్మంలోంచి ఒక దిండు వచ్చింది. మనిషంత పొడుగు, గుడ్డపీలికలు కూరి కుట్టింది.

"కాళ్ల మధ్య నుంచి కడుపు కిందిదాకా ఒకటే దిండు మేడమ్. రాత్రి మీకు దిండ్లు వెతుక్కునే పని ఉండదు." గోడకి ఆనించి, అసలు సంగతి చెప్పింది. "నన్ను రెండో మాస్టారికి అప్పజెప్పారు. ఆయన నోరు ఆగదు. కుడి అంటాడు, ఎడమ అంటాడు, మధ్యలో వాళ్ల బావమరిది పెళ్లి అంటాడు. నిజం చెప్పాలంటే మీరు నిద్రపోయినప్పుడే నేను బాగా నడిపాను."

"గోడని అడగండక్కా, చెబుతుంది."

"ఆ చివర్లో తప్ప. మీరొచ్చేదాకా నేను టెస్టుకి వెళ్లను."

అంత ముచ్చటైన దిండుతోనూ మొదటి రాత్రులు బాగుపడలేదు. టీలు తగ్గించిన తలనొప్పి ఒకటి తోడైంది. అర్ధరాత్రి కళ్లు తెరిచి పైకప్పు వంక చూడటం అలాగే ఉంది. మంచంలో సగం దిండుకే సరిపోవడంతో మెకానిక్ చాప తీసుకుని ముందు గదిలోకి వెళ్లాడు. "పెళ్లాం పక్కన చోటు కోసం దిండుతో పోటీ పడాల్సి వచ్చింది" అని తల్లికి మొర పెట్టుకున్నాడు. మొర పెట్టుకున్న కాసేపటికే గురక. నెలల నిద్ర బాకీ ఉందతనికి.

డాక్టరమ్మ చెప్పినట్టు, నిద్ర రానప్పుడు మంచంలో పడి పోరాడటం మానేసింది బ్రేకమ్మ. లేచి, చిన్న దీపం వెలుగులో కూర్చుని, ఉతికిన చిన్న చిన్న గుడ్డలు మడతపెట్టేది. ఫోను అత్తగారి గదిలో ఉండేది. కళ్లు బరువెక్కితే మళ్లీ వెళ్లి పడుకునేది. మధ్యాహ్నం కునుకు భోజనం కాగానే, అదీ కాసేపే. సాయంత్రం అత్తగారితో వీధి చివరిదాకా నడక. రక్తంలో ఇనుము తక్కువుందని తేలింది. డాక్టరమ్మ మందు రాసింది. కాళ్లలో పాకడం ఒక్కసారిగా పోలేదుగానీ, రోజురోజుకీ దాని బలం తగ్గింది.

ఆ తర్వాత ఒక పొద్దున ఆమె కళ్లు తెరిచేసరికి గోడ మీద ఎండ పడుతోంది. రాత్రి బాత్రూమ్‌కి లేచిన సంగతి గుర్తుంది. మళ్లీ వచ్చి ఎప్పుడు పడుకుందో గుర్తులేదు. కుడి పక్కకి తిరిగి ఉంది. ఒంట్లో ఎక్కడా బిగువు లేదు. లోపల బిడ్డ తీరిగ్గా ఒక తన్ను తన్నింది.

వంటింట్లో తల్లీకొడుకులు గుసగుసలాడుకుంటున్నారు.

"లేపనా?"

"లేపావంటే నీ వేలు విరిచేస్తా."

వరసగా వారం రోజులు అలా పడుకున్నాకే ఆమె పెద్దాయన దగ్గరికి వెళ్లింది. "పొద్దుటి పూట మాత్రమే పాఠం చెబుతా సార్. రాత్రి నిద్ర సరిగా లేకపోతే పొద్దున్నే ఫోన్ చేసి రానని చెబుతా. మీరు ఒప్పుకుంటేనే కూర్చుంటా." పెద్దాయన ఆమె కళ్లలోకి పరీక్షగా చూసి, తాళాలు బల్ల మీద నుంచి ఆమె వైపు జరిపాడు. సీటు బెల్టు కడుపు కిందుగా సర్దుకుని బ్రేకమ్మ మళ్లీ పక్క సీట్లో కూర్చుంది. ఒక రోజు నిజంగానే ఫోన్ చేసి రానంది కూడా. పాఠం పోయిందని ఎవరూ ఏమీ అనలేదు.

టైలరమ్మ టెస్టు పాసైంది.

*

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటికొచ్చాడు. ముగ్గురూ అప్పుడే భోజనాలు ముగించి చేతులు కడుక్కుంటున్నారు. ఆయన కూర్చోలేదు.

"నేను స్కూలు వదిలేస్తున్నానమ్మా. మోకాళ్లు ఇక సహకరించట్లేదు. స్కూలు నీకే అప్పగించాలని ఉంది. నిద్రపోయానని నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు చూడు, ఆ రోజే అనుకున్నా. రెండో మాస్టారు కూడా అడుగుతున్నాడు. పొద్దున వస్తానన్నాడు. ఈలోగా నీ మాట చెప్పు."

"ఇప్పుడెక్కడ కుదురుతుందండీ?" అన్నాడు మెకానిక్ ఠక్కున. "వచ్చే నెల కానుపు."

బ్రేకమ్మ చేతులు తుడుచుకుని, తువ్వాలు కొక్కేనికి తగిలించింది.

"సార్ అడిగింది నన్ను అనుకుంటా."

"అది కాదు, నేననేది..."

"పొద్దున ఆయన ఎప్పుడొస్తాడు సార్?"

"స్కూలు తీసే వేళకి."

"తీసే వేళకి ముందే నేనొస్తా. పడుకుని లేచాకే చెబుతా."

పెద్దాయన నవ్వుతూ తలూపి వెళ్లిపోయాడు. తలుపు మూసుకోగానే మెకానిక్ గొంతు లేచింది.

"పడుకుని లేచి ఏం చెబుతావ్? అవునంటావు. నాకు తెలీదా? స్కూలంటే పొద్దుట్నుంచి రాత్రిదాకా. బిడ్డ సంగతేంటి?"

"కానుపయ్యాక కొన్ని నెలలు పెద్దాయన్నే చూడమని అడుగుతా. ఆ తర్వాత మీ అమ్మ ఉన్నారుగా. ఇంట్లో మనమిద్దరం లేనప్పుడు..."

"నన్నెవరడిగారు?"

అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్లో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. ఆవిడ మడత మధ్యలో ఆపడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నేను చూస్తానని ఎవరితో అన్నాను? హోటల్ వాళ్లు మళ్లీ పిలిచారు. కొత్తగా వచ్చిన పిల్లలకి పని నేర్పాలట. నా కింద ఆరుగురు. వస్తానని మొన్ననే మాటిచ్చాను."

"అమ్మా! ఈ వయసులోనా?"

"ఏం, వయసుకేమైంది? చేతులు బాగానే ఉన్నాయి. బిడ్డని ముద్దు చేస్తాను, నీళ్లు పోస్తాను, ఉన్నంతసేపు ఎత్తుకుంటాను. నా పని మాత్రం మాననురా. నీ చిన్నప్పుడు ఒకసారి నీ కోసం మానాను. ఇంకోసారి మానను."

ఇప్పుడు ఇంట్లో యుద్ధం మొదలవుతుందని మెకానిక్ భార్య వంక చూశాడు.

బ్రేకమ్మ నింపాదిగా వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. దుప్పటి రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి అంచుకి అంచు కలిపారు.

"డ్యూటీ ఎన్నింటికి అత్తయ్యా?"

"పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నానికి వచ్చేస్తా."

"నాదీ పొద్దుటి పూటే ముఖ్యం. టెస్టులన్నీ అప్పుడే."

"అయితే పొద్దుట మనిద్దరం ఉండం."

"ఉండం."

దుప్పటి మడత పూర్తయింది. ఆవిడ దాన్ని మోకాలి మీద పెట్టుకుని చేత్తో నిమురుతూ ఆలోచనలో పడింది.

"ఫ్రిజ్‌లు మధ్యాహ్నం పూట కూడా చెడిపోతాయి కదా?" అని అడిగింది, ఎవరితోనో అన్నట్టు.

అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు.

"ఏంటి?" అన్నాడు మెకానిక్. "ఇద్దరూ నన్నెందుకలా చూస్తున్నారు?"